కొడుకు గంజాయి తాగుతున్నాడు, వ్యాన్‌లో ఎత్తుకెళ్లే సెంటర్‌కి ఫోన్ చెయ్యమంటారా అని అడిగిన అమ్మకి

అమ్మా, మీరు రాసింది మొత్తం చదివా. బాబుకి 22, బీటెక్ అయ్యిందనిపించుకున్నాడు గానీ నాలుగు సప్లీలు అలాగే ఉన్నాయి, విజయవాడ పటమటలో మీతోనే ఉంటున్నాడు, పగలంతా పడుకుని రాత్రి పదింటికి బండి తీస్తాడు, ఆ బండి డిక్కీలో గంజాయి పొట్లం దొరికితే మీ తమ్ముడొచ్చాక చూపిద్దామని బీరువాలో చీరల కింద దాచారు. మీవారికి సగమే తెలుసు, ఆ సగానికే ఇంట్లోంచి గెంటేస్తా అంటున్నారు. మీ తమ్ముడేమో ఎవరో సెంటర్ వాళ్లున్నారు, ఫోన్ చేస్తే అర్ధరాత్రి వ్యాన్‌లో నలుగురొచ్చి ఎత్తుకెళ్తారు, ఆరు నెలలు ఉంచి మనిషిని చేసి పంపిస్తారు అంటున్నాడు. మీ ఆడపడుచు పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని నరసరావుపేట సంబంధం పట్టుకొచ్చింది. మూడిట్లో ఏది చెయ్యమంటారు అని అడిగారు.

మూడూ వద్దు. ఎందుకు వద్దో, మరి ఏం చెయ్యాలో చెప్తా, కాస్త పెద్దగానే అవుతుంది. నేను గుంటూరులో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, డాక్టర్‌ని కాదు, మందులు రాయను. ఇరవై ఏళ్లకి పైగా నా పనంతా ఇలాంటి పిల్లల అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడటమే.

ముందు ఆ పొట్లం సంగతి. అది ఇవాళే బాత్రూంలో ఫ్లష్ చేసెయ్యండి, మీ తమ్ముడికి చూపించాల్సిన పనేం లేదు. సాక్ష్యం కోసం అని చాలామంది దాస్తారు, రేపు ఎవరైనా వచ్చి ఇల్లు వెతికితే అది మీ బీరువాలో మీ చీరల కింద దొరికినట్టు అవుతుంది. మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 1985 ప్రకారం ఒక కిలో లోపు గంజాయిని చిన్న పరిమాణం అంటారు, దానికి కూడా ఏడాది వరకు జైలు, 10 వేల వరకు ఫైన్, లేదా రెండూ. ఇంకోటి, తెలిసి తెలిసీ ఇంట్లో అలాంటి పని జరగనిస్తే ఇంటివాళ్ల మీద కూడా కేసు పెట్టడానికి అదే చట్టంలో సెక్షన్ ఉంది. కాబట్టి బాబుతో ఒక్క విషయం గట్టిగా చెప్పాలి, ఫ్రెండ్ బ్యాగు అని, రెండ్రోజులు ఉంచమన్నాడని ఏదీ ఇంట్లోకి రాకూడదు. తాగే కుర్రాళ్లు కేసుల్లో ఇరుక్కునేది చాలాసార్లు తాగినందుకు కాదు, ఎవరిదో సరుకు ఇక్కణ్ణుంచి అక్కడికి చేరవేసినందుకు. నిజంగానే పెద్ద ప్యాకెట్ ఏదైనా కనపడితే మాత్రం మీరు చెయ్యి పెట్టకుండా ముందు లాయర్‌తో మాట్లాడండి.

ఇక వ్యాన్. మీ తమ్ముడు మంచికే చెప్పుంటాడు, ఆయన్నేమీ అనకండి. కానీ 22 ఏళ్ల మనిషిని అర్ధరాత్రి చేతులు కట్టి తీసుకెళ్లడానికి ఏ సెంటర్‌కీ హక్కు లేదు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017లో వచ్చింది, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా దాని కిందకే వస్తాయి. మనిషి ఇష్టం లేకుండా చేర్చాలంటే ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టర్ లేదా మెంటల్ హెల్త్ నిపుణుడు, ఇద్దరూ విడివిడిగా చూడాలి, ఈ మధ్యే ప్రాణం తీసుకోబోయాడనో ఎవరినైనా కొట్టాడనో తనని తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడనో రాయాలి, అప్పుడు కూడా మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టెయ్యడం ఎవరికైనా, ఎక్కడైనా నిషేధం. పేరు రిజిస్టర్ చేసుకోకుండా అలాంటి సెంటర్ నడపకూడదు. మీ తమ్ముడు చెప్పిన చోటికి ఫోన్ చేసి మీ రిజిస్ట్రేషన్ నంబరెంత, సైకియాట్రిస్టు రోజూ వస్తారా వారానికోసారా, పేషెంటు ఇంటికి ఫోన్ చేసుకోవచ్చా, మేం ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా అని అడగండి. ముందు ఆర్నెల్ల డబ్బు కట్టండి, మూడు నెలలదాకా చూడ్డానికి రావద్దు అంటే ఫోన్ పెట్టేసెయ్యండి.

చట్టం పక్కన పెట్టినా ఇంకో లెక్క ఉంది. అలా లాక్కెళ్లిన కుర్రాడు లోపల మానేస్తాడు, దొరకదు కాబట్టి. తిరిగొచ్చాక వాడికి గంజాయి మీదకంటే మీ మీద కోపం ఎక్కువుంటుంది, ఆ రాత్రి తలుపు తీసింది అమ్మే కదా అన్నది మర్చిపోడు. ఆ తర్వాత మీరు ఏ డాక్టర్ పేరెత్తినా వాడికి ఆ వ్యానే కనపడుతుంది. మీ దగ్గరున్న ఒకే ఒక్క దారి వాడు మీతో మాట్లాడటం, దాన్ని మీ చేత్తో మీరే మూసేసుకుంటారు.

పెళ్లి సంగతి ఒక్క ముక్కలో చెప్తా. ఒక ఆడపిల్లని మందుబిళ్లలా వాడకూడదు. నా దగ్గరికి వచ్చిన వాళ్లలో కొడుకుతోపాటు కోడల్ని కూడా తీసుకొచ్చి, చంకలో పసిపిల్లాడు ఉండగా, పెళ్లికి ముందే మాకు తెలుసండీ అని మెల్లగా చెప్పిన తల్లిదండ్రులు కొంతమంది కాదు, చాలామంది ఉన్నారు. మీ ఆడపడుచుతో అబ్బాయికి ఇంకా సప్లీలున్నాయి ఇప్పుడు చూడట్లేదు అని చెప్పెయ్యండి, అబద్ధం కూడా కాదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. వాడు ఏం వాడుతున్నాడో మీకు నిజంగా తెలుసా? గంజాయి ఒక్కటేనా, దాంతోపాటు ట్యాబ్లెట్లు కూడానా? ఈ తేడా చాలా పెద్దది. గంజాయి అయితే ఎర్రటి కళ్లు, కళ్లలో వేసుకునే డ్రాప్స్ సీసా, సిగరెట్టు చుట్టే పల్చటి కాగితాల ప్యాకెట్టు, అర్ధరాత్రి ఫ్రిజ్ తీసి స్వీట్లన్నీ తినెయ్యడం, ఇలాంటివి కనపడతాయి. ఈ మధ్య గంజాయి నూనె కూడా తిరుగుతోంది, చిన్న సీసాల్లో చిక్కగా నల్లగా ఉంటుంది, మామూలు గంజాయికంటే మత్తు చాలా ఎక్కువ. చెత్తబుట్టలో ఖాళీ మాత్రల స్ట్రిప్పులు, ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రల పేర్లు, ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రల పేర్లు కనపడితే, లేదా సిరంజి కనపడితే, అది వేరే లెవల్. ఆ స్ట్రిప్పు ఫోటో తీసి డాక్టర్‌కి చూపించండి, వాడిని మాత్రం ఒక్కసారిగా మానిపించే ప్రయత్నం మీరు ఇంట్లో చెయ్యొద్దు. నిద్రమాత్రలు రోజూ ఎక్కువగా వాడేవాడు హఠాత్తుగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు, డాక్టర్ లెక్క కట్టి కొంచెం కొంచెంగా తగ్గించాలి. ట్రమడాల్ లాంటి వాటికి, హెరాయిన్‌కి, బూప్రెనార్ఫిన్ అనే మందు ఉంది, అది డాక్టర్ పర్యవేక్షణలో నెలలు, ఒక్కోసారి ఏళ్లు వాడతారు, ఒక మత్తు మాన్పించి ఇంకోటి అలవాటు చేస్తున్నారు అని బంధువులు అంటారు, వినకండి. ఈ రకం వాడేవాళ్లు కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత డోసే వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు, ఎందుకంటే ఒంటికి అంత తట్టుకునే శక్తి అప్పటికి పోయుంటుంది. ఆరు నెలలు గదిలో పెట్టి బయటికి వదిలే సెంటర్లంటే నాకు భయం దీనికే.

గంజాయి మాత్రమే అయితే మానడం వల్ల ప్రాణాపాయం ఉండదు, కానీ ఇల్లు నరకం అవుతుంది కొన్నాళ్లు. మానిన ఒకటి రెండు రోజుల్లో మొదలవుతుంది, మొదటి వారం మరీ ఎక్కువ, చిరాకు, నిద్ర ఉండదు, పిచ్చి పిచ్చి కలలు, అన్నం సయించదు, చెమటలు. రెండు వారాలకి చాలావరకు తగ్గుతుంది, నిద్ర మాత్రం ఇంకా కొన్నాళ్లు ఇబ్బంది పెడుతుంది. ఈ రోజుల్లోనే తల్లిదండ్రులు చూడు తాగకపోయినా మీదపడి కొట్టేట్టు అరుస్తున్నాడు, వీడు మారడు అని పాత గొడవ మొదలెడతారు, వాడు మళ్లీ పొట్లం తెచ్చుకుంటాడు. గంజాయి మాన్పించే మాత్ర అంటూ ఇప్పటిదాకా ఏదీ లేదు, నిద్రకి ఆందోళనకి డాక్టర్ ఇచ్చే మందులు, కౌన్సెలింగ్, అంతే. అందుకే తెలియకుండా సాంబారులో కలపండి చాలు అని అమ్మే పొడులు కొనకండి. తాగుడు మాన్పించడానికి వాడే ఒక మాత్ర ఉంది, అది మనిషికి తెలియకుండా పెడితే వాడు బయటికెళ్లి మందు కొట్టినప్పుడు బీపీ పడిపోయి చచ్చేంత పనవుతుంది.

మాల వేయిస్తే అన్న ఆలోచన మీకు వచ్చే ఉంటుంది, అందుకే ముందే చెప్తున్నా. భవానీ మాలో అయ్యప్ప మాలో వేసుకున్న 41 రోజులూ ముట్టని కుర్రాళ్లని నేను బోలెడంతమందిని చూశా, ఒంట్లో మత్తు దిగడానికి అంత టైమ్ చక్కగా సరిపోతుంది కూడా. వాడికి వాడుగా వేసుకుంటానంటే వేసుకోనివ్వండి. కానీ ఇంద్రకీలాద్రి మీద ఇరుముడి సమర్పించి మాల తీసిన సాయంత్రమే ఫ్రెండ్స్ ఫోన్ చేస్తారు. మాల తీసే తేదీ ముందే తెలుసు కదా, ఆ మర్నాడే డాక్టర్ అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, అప్పుడు ఆ 41 రోజులకి విలువ ఉంటుంది.

ఇక డబ్బు దగ్గరికొస్తా. మీరు రాసిన దాంట్లో ఒక లైన్ మధ్యలో దూరిపోయింది గానీ నాకు అదే ముఖ్యంగా కనపడింది, వాడు అడిగినప్పుడల్లా మీవారికి తెలియకుండా ఫోన్‌పేలో ఐదొందలు వెయ్యి వేస్తున్నారు, ఒకసారి చీటీ పాడిన డబ్బుతో వాడి అప్పు తీర్చారు, అదే టైమ్‌లో మీవారు వాడితో మాట్లాడి నెలలవుతోంది. మన దగ్గర దాదాపు ప్రతి ఇంట్లో ఇదే వరస. మాట ఆపేస్తారు, డబ్బు ఆపరు. నేను చెప్పేదల్లా దీన్ని తిరగెయ్యమని, డబ్బు ఆపండి, మాట ఆపకండి.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టున్న ఒకాయన నా దగ్గరికొచ్చారు, కొడుకు గంజాయి. ఆయన పొద్దున్నే యార్డుకెళ్తూ ఫ్రిజ్ మీద 500 నోటు పెట్టి దాని మీద ఫ్లాస్కు పెట్టి వెళ్లిపోయేవారు, కొడుకు మొహం చూడ్డం ఇష్టంలేక. ఇవ్వకపోతే ఇంట్లో వస్తువులు పగలగొడతాడని భయం, ఇస్తే వాడు ఆ డబ్బుతో ఏం కొంటాడో తెలుసు. నేను ఆయనకి చెప్పింది రెండే, ఆ నోటు ఆపండి, కానీ ముందే చెప్పి ఆపండి, రెండోది ఇంట్లోంచి కదిలేముందు వాడు లేచినా లేవకపోయినా వాడి గదిలోకెళ్లి ఏదో ఒకటి మాట్లాడి వెళ్లండి, గంజాయి మాట తప్ప. మొదటివారం టీవీ రిమోట్ గోడకేసి కొట్టాడు. ఆయన రిమోట్ కొనలేదు, తిట్టలేదు కూడా. తర్వాత పెట్రోల్‌కి అడిగాడు, డబ్బు ఇవ్వను గానీ పొద్దున్నే నేను యార్డుకెళ్తున్నా కారెక్కు, దారిలో దించుతా అన్నారు. మూడ్రోజులు ఎక్కలేదు, నాలుగోరోజు ఎక్కాడు. కారులో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారని అడిగితే రేట్ల గురించేనండీ, తేజా మిర్చి ఎంత పలుకుతోందీ అని, అన్నారు. కొన్ని వారాలకి ఆ కుర్రాడు ఓపీకి వచ్చాడు, గంజాయి మానేస్తానని కాదు, నిద్ర పట్టట్లేదని. మాకు అది చాలు. నిద్ర కోసం వచ్చినవాడితో నిద్ర గురించే మొదలెడతాం.

మీ ఇంట్లో ఎలా చెయ్యాలంటే, ముందు మీరూ మీవారూ ఒక మాట మీదకి రావాలి, అది లేకుండా ఏదీ పని చెయ్యదు. ఆయనకి మొత్తం చెప్పెయ్యండి, చీటీ డబ్బుతో సహా. గొడవ అవుతుంది, అవనివ్వండి, బాబు ఇంట్లో లేనప్పుడు అవనివ్వండి. ఇద్దరి మధ్య గుట్టు ఉన్నంతకాలం పిల్లలు ఆ సందులోంచే డబ్బు లాగుతారు, తప్పు వాళ్లదని కాదు, సందుంది కాబట్టి. ఆ తర్వాత వాడికి ఇద్దరూ కలిసి ఒకేసారి చెప్పండి, ఫలానా తేదీ నుంచి చేతికి డబ్బు ఉండదు, ఫోన్‌పేలో వెయ్యం, క్రెడిట్ కార్డు వాడం, బయట చేసిన అప్పులు మేం తీర్చం. అన్నం ఉంటుంది, నీ గది ఉంటుంది, సప్లీ ఫీజు కాలేజీకి మేమే కడతాం, డాక్టర్ ఖర్చు ఎప్పుడైనా ఎంతైనా మాదే. అంతే, లెక్చర్ వద్దు. ఇక్కడ జాగ్రత్త, మీరు నిలబడలేని షరతు పెట్టకండి. గెంటేస్తా అని మీవారు పదిసార్లు అని ఒక్కసారీ గెంటకపోతే వాడికి ఆ మాట ఫ్యాన్ చప్పుడుతో సమానం.

వాడు లోన్ యాప్‌లో అప్పు చేసుంటే ఆ యాప్ వాళ్లు మీకు ఫోన్లు చేస్తారు, ఫోటోలు మార్ఫ్ చేసి బంధువులకి పంపుతామంటారు, భయపడి కట్టెయ్యకండి, 1930కి, సైబర్ క్రైమ్ వాళ్లకి కంప్లైంట్ ఇవ్వండి. సరుకు అమ్మినవాడి బాకీ అని ఎవడైనా ఇంటిమీదకొస్తే 112. అమ్మేవాళ్ల వివరాలు తెలిస్తే చెప్పడానికి రాష్ట్రంలో గంజాయి, డ్రగ్స్ మీద పనిచేసే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల నంబరు 1972 ఉంది. ఇవి వేరు, మీ బాబు వైద్యం వేరు, రెండూ కలపకండి. వాడి ఫ్రెండ్స్‌ని ఒక్కొక్కరినీ పట్టుకుని వదిలించాలని కూడా చూడకండి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఒక్కరోజే రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు, అయినా మీ వీధి చివర దొరుకుతూనే ఉంది కదా. మీరు ఆ సప్లై ఆపలేరు.

ఎప్పుడు మాట్లాడాలన్నది ఏం మాట్లాడాలన్న దానికంటే ముఖ్యం. రాత్రి ఒంటిగంటకి తలుపు తీస్తూ నోరు వాసన చూసి మొదలెట్టే మాట గోడకి చెప్పినట్టే, మత్తులో ఉన్నవాడికి రేపు పొద్దున అందులో మీ ఏడుపు తప్ప ఏమీ గుర్తుండదు. లేచి స్నానం చేసి టిఫిన్ దగ్గర కూర్చున్నప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు. మమ్మల్ని చంపి నువ్వు బాగుపడు, పక్కింటి పిల్లాడు అమెరికా వెళ్లాడు, నీ చెల్లికి పెళ్లెలా అవుతుంది, ఈ మూడూ ప్రతి ఇంట్లో వింటా, వీటివల్ల మానేసినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. ఇలా అనండి: నాన్నా, నీ బండిలో పొట్లం దొరికింది, పారేశా. నాకు కోపం లేదు, భయమేస్తోంది. నువ్వెళ్లిన రాత్రి గేటు చప్పుడయ్యేదాకా నాకు నిద్ర పట్టదు. గురువారం నేను హాస్పిటల్‌కి వెళ్తున్నా, నాకోసం. నీకు రావాలనిపిస్తే రా.

వాడు అంటాడు, అందరూ కొడతారమ్మా, మందు కంటే నయం, మొక్కే కదా అని. వాదనకి దిగకండి. అందులో సగం నిజం ఉంది కూడా, 2019లో కేంద్రం ఎయిమ్స్ వాళ్లతో చేయించిన సర్వేలో దేశంలో భంగు, గంజాయి లాంటివి ఏడాదిలో ఒక్కసారైనా వాడినవాళ్లు 3 కోట్ల 10 లక్షలు అని తేలింది, వాళ్లలో వైద్యసాయం అవసరమైనవాళ్లు సుమారు 72 లక్షలు. అంటే వాడిన ప్రతివాడూ బానిస అవ్వడు. మీరు అడగాల్సింది అందరి సంగతి కాదు, నీ సంగతేంటి నాన్నా, ఒక వారం మానేస్తే నీకెలా ఉంటుంది అని. ఆ ప్రశ్న అడిగి ఊరుకోండి, జవాబు వెంటనే రాదు. వాడు ఏదో ఒక రాత్రి బయటికెళ్లకుండా ఇంట్లో ఉంటే గబుక్కున పెద్ద విషయం చెయ్యకుండా ఉలవచారో చికెనో వాడికిష్టమైంది వండి కలిసి తినండి, ఇవాళ ఎందుకు వెళ్లలేదురా అని మాత్రం అడక్కండి.

ఇదంతా మెత్తదనం అనుకుంటారేమో మీ తమ్ముడు. ఇంట్లోవాళ్లకి ముందు ట్రైనింగ్ ఇచ్చే ఈ పద్ధతిని క్రాఫ్ట్ అంటారు, అమెరికాలో రాబర్ట్ మేయర్స్ అనే ఆయన తయారు చేశారు. 1999లో తాగుడున్న ఇళ్ల మీద చేసిన ఒక స్టడీలో ఈ పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో 100కి 64 మంది తాగేవాళ్లు ట్రీట్‌మెంట్‌కి వచ్చారు, చుట్టాలందరూ కూర్చుని నిలదీసే పద్ధతిలో 30 మందే వచ్చారు. మనం పెట్టే పంచాయితీ అంటే ఆ రెండోదే, మేనమామ ఒక పక్క బాబాయి ఒక పక్క, మధ్యలో తల దించుకుని పిల్లాడు, చివర్లో దేవుడి పటం ముందు కర్పూరం ఆర్పి ఒట్టు. దయచేసి ఒట్లు వేయించకండి, తప్పినరోజు వాడు మీతో నిజం చెప్పడం మానేస్తాడు.

యూరిన్ టెస్ట్ కిట్ కొని బాత్రూం దగ్గర నిలబడొచ్చా అని అడుగుతారు చాలామంది నాన్నలు. వద్దు. రోజూ తాగినవాడు మానేసినా నెలరోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కూడా పాజిటివ్ రావచ్చు, నిజంగా మానినవాణ్ణి అబద్ధాలకోరు అంటారు. టెస్టులు డాక్టర్ దగ్గర, వాడికి చెప్పి.

కొన్ని సందర్భాల్లో మాత్రం నేను పైన చెప్పిన ఓపికలన్నీ పక్కన పెట్టెయ్యాలి. ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారు, ఫోన్ హ్యాక్ చేశారు, అన్నంలో ఏదో కలిపారు అంటూ అనుమానాలు, ఒంటరిగా నవ్వుకోవడం, గొంతులు వినపడుతున్నాయనడం, ఇవి ఉంటే అది మొండితనం కాదు, సైకోసిస్, ఆ వారమే సైకియాట్రిస్టుకి చూపించాలి, గంజాయి ఎక్కువైతే కొందరికి వస్తుంది, మన చుట్టాల్లో ఎవరికైనా అలాంటి జబ్బుంటే ఇంకా తొందరగా. చచ్చిపోతా అన్న మాట బెదిరింపని వదిలెయ్యకండి. చెయ్యి చేసుకుంటే మీరూ మీ అమ్మాయీ ఆ రాత్రికి వేరే ఇంటికి వెళ్లిపోండి, 112కి చెప్పండి, కొడుకే కదా అని సర్దుకోకండి. లేపితే లేవకుండా గురక వింతగా వస్తూ, పెదాలు నీలంగా ఉంటే 108, వచ్చేదాకా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వెల్లకిలా వద్దు, ఏం వేసుకున్నాడో అంబులెన్స్ వాళ్లకి దాచకండి, ట్రమడాల్ లాంటి వాటికి విరుగుడు ఇంజెక్షన్ నాలక్సోన్ ఉంది, కానీ డాక్టర్‌కి తెలియాలి కదా ఏది వేసుకున్నాడో.

హాస్పిటల్‌కి వెళ్తే పోలీసులకి తెలిసిపోతుందేమో అన్నారు. తెలియదు, పేషెంటు వివరాలు బయటపెట్టకూడదని 2017 చట్టంలోనే ఉంది. పైగా ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది, వాడకం కేసో చిన్న పరిమాణం కేసో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో వైద్యానికి వెళ్లి దాన్ని పూర్తిచేస్తే శిక్ష పడదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. రేపు ఏదైనా కేసు అయినా లాయర్‌కి ఈ సెక్షన్ గుర్తుచెయ్యండి.

మళ్లీ తాగుతాడా అంటే, తాగొచ్చు. ఒకసారి మానినవాళ్లలో సగం మంది దాకా ఏదో ఒక టైమ్‌లో మళ్లీ మొదలెడతారు, షుగర్ బీపీ వాళ్లు పథ్యం తప్పినట్టే ఇదీ. ఆ రోజు మొదట్నుంచి పంచాయితీ పెట్టకుండా అపాయింట్‌మెంట్ ముందుకి జరపండి, అంతే. మీ అమ్మాయి గురించి ఒక్క లైనే రాశారు, ఇంటర్ అని, రెండేళ్లుగా ఇంట్లో అన్నయ్య మాట తప్ప ఇంకో మాట లేనట్టుంది. ఈ ఆదివారం దాన్ని ఒక్కదాన్నే ఎక్కడికైనా తీసుకెళ్లండి.

వెళ్లడానికి, విజయవాడలో గుణదల దగ్గర కొత్త ప్రభుత్వాసుపత్రి, గుంటూరు అయితే ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్, మంగళగిరిలో ఎయిమ్స్, మూడు చోట్లా సైకియాట్రీ డిపార్ట్‌మెంట్లున్నాయి, ప్రైవేటుకెళ్లగలిగితే మంచి సైకియాట్రిస్టులు రెండు ఊళ్లలోనూ ఉన్నారు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం పడవు, డీఅడిక్షన్ వివరాలకి 14446. ఆధార్ కార్డు పట్టుకుని పెందలాడే వెళ్లండి, ఓపీ లైను పెద్దగా ఉంటుంది. బాబు రాకపోయినా ఫర్లేదు, మీవారిని రమ్మనండి, ఆయనా రానంటే మీరొక్కరే వెళ్లండి. ఓపీ చీటీ మీ పేరు మీదే రాయించుకోండి, నిద్ర పట్టట్లేదు, బీపీ పెరిగింది అని మీరే రాశారుగా, లోపల డాక్టర్‌తో ముందు అదే చెప్పండి.